గండభేరుండం లొసుగు

మణిసాగరం కట్టమీద నిలబడి చూసేవాడికి హేలాపురి నగరం పచ్చని పళ్లెంలో పోసిన మొగలిరేకుల కుప్పలా కనిపించేది. మేడల మీద బంగారు కలశాలు ఎండతో పోటీపడి మెరిసేవి. గవాక్షాల్లో వేలాడే చిరుగంటలు గాలి వీచినప్పుడల్లా వీధికొక రాగం పాడేవి. అంగళ్లలో పునుగు, జవ్వాది, అగరుధూపం కలగలిసి వాసన కొట్టేవి. ముక్కు మూసుకుని నడిచినా మనిషి ఇంటికి వెళ్లేసరికి పెళ్లికొడుకులా ఘుమఘుమలాడేవాడు.

ఇంత సుకుమారమైన నగరానికి వాకిట కూర్చున్న కాపలాదారు మాత్రం బొత్తిగా సరసం తెలియనిది. అది ఇత్తడి గండభేరుండం. ఏనుగంత ఒళ్లు, చేటలంత గోళ్లు, కెంపుల కళ్లు, రెండు తలలు. ఎడమ తల అడుగుతుంది, కుడి తల వింటుంది. "ఎవరు నువ్వు?" అన్న ఒకే ఒక్క ప్రశ్న. నిజం చెప్పినవాడికి దారి ఇస్తుంది. అబద్ధం చెప్పినవాణ్ణి కుడి తల నడుము దగ్గర కరుచుకుని అగడ్తలోకి గిరవాటు వేస్తుంది.

జ్వాలాద్రి మీద ఉండే మంత్రశిల్పి తామ్రపాదుడు పోతపోసి ప్రాణం ఊదిన పక్షి అది. అలాంటివే, ఆ మూసలోంచే వచ్చినవే, ఐదు రాజ్యాలలో కోట వాకిళ్లకు, ఖజానాలకు, చెరసాలలకు, ధాన్యపు కొట్లకు కాపలా కాస్తున్నాయి. ఆఖరికి మణిసాగరం తూములు ఎత్తేదీ దించేదీ కూడా ఒక గండభేరుండమే. వాటి పుణ్యమా అని రాజులు కావలి భటులను ఇళ్లకు పంపేశారు. తాళాలు చేసే కమ్మరులు గరిటెలు చేసుకుంటున్నారు.

దొంగలకన్నా ముందు ఈ పక్షుల వల్ల చితికిపోయింది పగటివేషగాళ్లు. వేషం కట్టాక విప్పేదాకా అసలు పేరు నోట రాకూడదన్నది ఆ విద్యలో తాతలనాటి ఒట్టు. వేషాల సింగన్న శివయోగి వేషం కట్టి కోటలోకి పోబోతే పక్షి "ఎవరు నువ్వు?" అంటుంది. "సింగన్నను" అంటే ఒట్టు తప్పినట్టు, "శివయోగిని" అంటే అగడ్తలో పడ్డట్టు. సింగన్న ఒట్టు తప్పలేదు. అందుచేత హేలాపురి అగడ్తలోని తాబేళ్లన్నీ అతన్ని ఆనవాలు పట్టేవి. అతని మేళంలోని వాళ్లంతా ఒక్కొక్కరే విసిగిపోయి వెళ్లిపోగా, మద్దెల వాయించే మేనత్త కొండమ్మ ఒక్కతే మిగిలింది.

ఒకనాడు సింగన్నకు ఒక చిలిపి ఆలోచన వచ్చింది. తాటాకులతో రెక్కలు కట్టి, వాటికి తళుకు కాగితం అంటించి, ఎండు సొరకాయ బుర్రతో రెండో తల తగిలించుకుని తానే ఒక గండభేరుండమై బయలుదేరాడు. కొండమ్మ మద్దెల మోగించింది. అగడ్త వంతెన ఇవతల జనం విరగబడ్డారు. సింగన్న పక్షిలాగే మెడ వంచుతూ, పక్షిలాగే కాలు గీరుతూ వంతెన మీద నడిచి అసలు పక్షి ముందు నిలిచాడు.

ఎడమ తల వంగింది. "ఎవరు నువ్వు?"

తిరిగి పారిపోవలసిన క్షణం అది. కాని వేషం ఒంటిమీద ఉండగా వేషగాడు పారిపోడు. సింగన్న గొంతు బిగించి, అచ్చు ఆ పక్షి కీచుగొంతుతోనే బదులు చెప్పాడు. "నేను నువ్వే."

జనం 'బుడుంగు'మనే చప్పుడు కోసం చెవులు రిక్కించారు. ఆ చప్పుడు రాలేదు. పక్షి ఎడమ తల కుడి తలను చూసింది.

"నేనేనా?"

"నేనే అంటున్నాను కదా."

"అబద్ధమేమో?"

"నాతో నేను అబద్ధం ఎందుకు చెప్పుకుంటాను?"

అంతే, పక్షి పక్కకు తప్పుకుంది! ఏం చెయ్యాలో తోచక సింగన్న సొరబుర్ర చాటున "ముక్కు దురదగా ఉంది" అని గొణిగాడు. పక్షి చటుక్కున తన ముక్కు గోక్కుంది. "ఒంటికాలి మీద నిలబడితే బాగుండును" అన్నాడు మెల్లగా. పక్షి ఒంటికాలి మీద నిలబడింది.

మాటలు వినబడనంత దూరంలో ఉన్న జనం ఇదంతా రాజుగారు కుదిర్చిన వినోదం అనుకుని ఈలలు వేశారు. కొండమ్మకు మాత్రం పెదవుల కదలిక చూస్తే చాలు, మాట తెలిసిపోతుంది. ఆమె మద్దెల ఆపేసి, పరుగున వచ్చి, మేనల్లుడి తాటాకు రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది.

ధాన్యపు కొట్టు దగ్గరి పక్షి మీద కూడా పరీక్షించి చూశారు. వేషం అక్కరలేదు, మాట చాలు. అయితే ఒక షరతు ఉంది. చెప్పినవాడు ఎదుట ఉన్నంతసేపే పక్షి వింటుంది, కనుమరుగు కాగానే మరిచిపోతుంది.

"ఒరే సింగా, ఇది లొసుగు కాదురా, లంకెబిందె!" అంది కొండమ్మ, బండినీడన చతికిలబడి. "కాకికొండ గుహల్లో రంధ్రపాలుడని ఒకడున్నాడట. లొసుగుల సంత నడుపుతాడట. వాడికి చెప్పామంటే మన తలరాత తిరిగిపోద్ది."

"వాడేం చేస్తాడత్తా దాంతో?"

"కొనుక్కునేటోడికి అమ్ముతాడు. మనకెందుకు?"

"కొనుక్కున్నవాడు ఏం చేస్తాడు?"

కొండమ్మ తన కాళ్లు చూపించింది. పగిలిన మడమలు, వాచిన కీళ్లు. "ఈ కాళ్లు ఇంకెన్ని ఊళ్లు తిరగ్గలవురా? చూరు కింద పడుకుని వాన చూడాలని ఉంది నాకు. వానలో పడుకుని చూరు చూడ్డం ఇంక నావల్ల కాదు. ఆ పక్షులే కదా మన నోటికాడి కూడు తీసేసింది? వాటి లోపమే మనకు కూడు పెడితే తప్పేంటి?"

సింగన్నకు గుండె చివుక్కుమంది. "సరే, అడిగి చూద్దాం. చెప్పడం మాత్రం నేను చెప్తేనే" అన్నాడు.

కాకికొండ గుహల్లో సంత కిటకిటలాడుతోంది. ఏ రాజు పట్టపుటేనుగు ఎలుకను చూస్తే బెదురుతుందో ఒకడు అమ్ముతున్నాడు. ఏ కోటగోడలో సున్నానికి బదులు బూడిద కలిపారో మరొకడు అమ్ముతున్నాడు. ఒక పండితుడు పట్టుశాలువా కప్పుకుని, ఫలానా ముని శాపంలో ఒక అక్షరం తప్పు పడిందనీ, అది తెలిసినవాడికి ఆ శాపం తగలదనీ గుసగుసగా చెబుతున్నాడు. నడుమ నగిషీల ఉయ్యాలబల్ల మీద, తాంబూలం నములుతూ రంధ్రపాలుడు. ఉయ్యాల ఊగినప్పుడల్లా అతని పదివేళ్ల ఉంగరాలూ పది దీపాల్లా వెలిగేవి. వంతు కోసం కాచుకున్నవాళ్లలో ఒక కోరమీసాల మనిషి ఉన్నాడు. హేలాపురితో పాతపగ ఉన్న వజ్రకేతన రాజ్యపు వేగులపెద్ద దుర్జయుడు అతనే అని పక్కవాళ్లు చెప్పుకుంటున్నారు.

"గండభేరుండం లొసుగా?" రంధ్రపాలుడు ఉయ్యాల ఆపాడు. "తమ్ముడూ, అది నిజమైతే నీకొక ఊరు రాసిస్తాను. చెరువు, మాగాణి, మామిడితోపు, మేడ."

కొండమ్మ గుటక మింగింది. సింగన్న అడిగాడు. "ఎవరికి అమ్ముతారు అయ్యా?"

"అది నేను అడగను. కత్తులు అమ్మేవాడు కొనేవాణ్ణి ఏ కూర తరుగుతావని అడుగుతాడా?"

"వంకాయ తరుక్కునేవాడు కత్తికి ఊరంత వెల ఇస్తాడా?"

రంధ్రపాలుడు పగలబడి నవ్వాడు. "నోరుంది నీకు. విను. ఆ లోపం నువ్వు పెట్టావా? లేదు. నేను పెట్టానా? లేదు. చేసినవాడు పెట్టాడు. పాపం వాడిది, ఫలం మనది. నువ్వు అమ్మకపోతే రేపు ఇంకొకడు కనిపెట్టి అమ్ముతాడు. అప్పుడు ఊరూ పోయె, తోపూ పోయె."

"రేపు ఇంకొకడు కనిపెట్టేలోగా చేసినవాడికి చెబితే?"

"తామ్రపాదుడికా?" సంతలో విన్నవాళ్లందరూ నవ్వారు. "వాడు నీకేమిస్తాడో తెలుసా? సంకెళ్లు!"

సింగన్న వెనుదిరిగాడు. కొండమ్మ కదలలేకపోయింది. రంధ్రపాలుడు ఆమెకేసి వంగి తేనె పూసినట్టు అన్నాడు. "అమ్మా, కుర్రవాడు తొందరపడుతున్నాడు. అసలు లొసుగంటూ ఉందా? అంత పక్షి ఎవరినైనా అడ్డుకోకుండా ఉంటుందా?"

"ఎందుకుండదు? తనను తానే ఎట్టా అడ్డుకుంటదయ్యా?" అంది కొండమ్మ ఉక్రోషంగా. అని, నాలుక కరుచుకుంది.

రంధ్రపాలుడి దవడ ఆగింది. తాంబూలం బుగ్గన పెట్టుకుని "వెళ్లిరండమ్మా, చల్లగా వెళ్లిరండి" అన్నాడు. ఆ చల్లదనం కొండమ్మకు నచ్చలేదు. కాని ఈ సంగతి మేనల్లుడికి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

జ్వాలాద్రి శిఖరం మీద కొలిమి పగలూ రాత్రీ మండుతూ ఉంటుంది. పొగ మేఘాల్లో కలిసి, ఆ మేఘాలు కురిసినప్పుడు కింది పల్లెల్లో రాగిరంగు వాన పడుతుందని ప్రతీతి. తామ్రపాదుడు ఆజానుబాహుడు. కొలిమి సెగకు కనుబొమలు ఎప్పుడో కాలిపోవడంతో ఎప్పుడు చూసినా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటాడు. సింగన్న చెప్పింది విన్నాక నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నా పక్షికి లోపమా? ఐదుగురు రాజులు దాన్ని నమ్ముకుని నిద్రపోతున్నారు!"

"అందుకే స్వామీ, వాళ్లు లేచేలోగా తమరికి చెబుదామని వచ్చాను. కావాలంటే తమరి ముందే చూపిస్తాను."

"చూపించగలిగితే నువ్వు దొంగవి. చూపించలేకపోతే అబద్ధాలకోరువి. ఏది కావాలో తేల్చుకో."

"మూడోది లేదా స్వామీ?"

"ఉంది. నోరు మూసుకుని కొండ దిగిపోవడం."

"నేను నోరు మూసుకుంటే లోపం మూసుకుపోతుందా?"

తామ్రపాదుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరక్కడ! వీణ్ణి గుహలో పడేయండి. ఆ ముసలమ్మను బయట కూర్చోబెట్టండి!" శిష్యులు సింగన్నను రెక్కలు విరిచి పట్టుకుని తీసుకుపోయారు. గుహ వాకిట కాపలా పెట్టిందేమో, ఇంకేముంది, గండభేరుండాన్నే.

మంత్రశిల్పి భోజనానికి కూర్చుని, పప్పులో నెయ్యి వేసుకుని, మొదటి ముద్ద కలుపుతూ ఉండగా గుమ్మంలో నీడ పడింది.

"స్వామీ, కాస్త మజ్జిగ ఇప్పిస్తారా? గుహలో ఉక్కగా ఉంది" అన్నాడు సింగన్న. అతని వెనకాలే ఇత్తడి పక్షి, పెంపుడు కోడిలా, తలలు రెండూ ఊపుకుంటూ నిలబడి ఉంది.

తామ్రపాదుడి చేతిలో ముద్ద విస్తట్లో పడిపోయింది. ఆయన లేచి, ఎంగిలి చేత్తోనే పక్షి మెడ నిమిరాడు. "వచ్చే ప్రతివాణ్ణీ నువ్వెవరని అడగడం నేర్పాను" అన్నాడు. "నువ్వెవరో దీనికి మాత్రం చెప్పనేలేదు. బిడ్డకు పేరు పెట్టడం మరిచిపోయిన తండ్రిని."

"బాగుచెయ్యొచ్చా స్వామీ?"

"చెయ్యొచ్చు. 'నేనొక్కదాన్నే' అన్న మాట మంత్రం చేసి రెండు చెవుల్లోనూ నా ఊపిరితో ఊదాలి. ఒక్కో పక్షి దగ్గరికీ నేనే పోవాలి. కాని రాజులకు ఏమని చెప్పను? తెలిస్తే నన్ను ఈ కొలిమిలోనే వేసి కరిగిస్తారు!"

"తెలియకపోతే వాళ్ల జనం మునుగుతారు."

అంతలో బయట కూర్చున్న కొండమ్మ కేక వేసింది. ఇద్దరూ పరుగెత్తారు. శిఖరం మీంచి చూస్తే దిగువన ఎర్రదుమ్ము రేపుకుంటూ గుర్రాల దండు మణిసాగరం కేసి పోతోంది. జెండాల మీద వజ్రం గుర్తు. ముందున్నవాడు దుర్జయుడే.

కొండమ్మ మేనల్లుడి కాళ్ల దగ్గర కూలబడింది. "నా నోరు పడిపోనూ! సంతలో ఒక్క మాట జారానురా. ఆ ముండమోపిగాడు దాన్ని అల్లుకున్నట్టున్నాడు. తూములెత్తితే హేలాపురి ఏమైపోద్దిరా, సింగా?"

సింగన్నకు కోపం వచ్చింది. కాని కోప్పడే వ్యవధి లేదు. గుర్రాలు అప్పటికే సగం దారి దాటాయి. అతను వెనక్కి తిరిగి పక్షిని చూశాడు. తాటిదోనెలంత రెక్కలు, ఎన్నడూ విప్పక మడతల్లో దుమ్ము పట్టినవి.

"స్వామీ, ఇది ఎగురుతుందా?"

"తెలియదు. ఎగరమని నేనెప్పుడూ చెప్పలేదు."

సింగన్న దాని మెడ మీదికి పాకి, అత్తను పైకి లాగి, మంత్రశిల్పికి చెయ్యి అందించాడు. తర్వాత పక్షి చెవిలో అన్నాడు. "రెక్కలుండీ ఇన్నాళ్లు ఊరికే కూర్చున్నానేమిటి? ఎగరాలి."

"నాకూ అదే అనిపిస్తోంది" అంది ఎడమ తల.

"నాకైతే ఎప్పట్నుంచో అనిపిస్తోంది" అంది కుడి తల.

వెయ్యి గంగాళాలు ఒక్కసారి దొర్లినట్టు చప్పుడు చేస్తూ పక్షి గాలిలోకి లేచింది. కొండమ్మ కళ్లు గట్టిగా మూసుకుని తనకు తెలిసిన దేవుళ్లందరికీ పొర్లుదండాలు మొక్కింది. తామ్రపాదుడు మాత్రం కాలిపోయిన కనుబొమలు నుదుటికంటా లేపి, పసివాడిలా కింది అడవులను చూస్తూ "ఎగిరింది! నాది ఎగిరింది!" అంటున్నాడు.

"దీనికి కూడా ఆ మంత్రం ఊదాలి కదా స్వామీ?" అని అరిచాడు సింగన్న.

"దీన్ని చివర్లో బాగుచేద్దాం!" అని అరిచాడు మంత్రశిల్పి.

వాళ్లు మణిసాగరం చేరేసరికి ఆలస్యం జరిగిపోయింది. కట్ట నడుమ రాతిమండపంలో కూర్చున్న గండభేరుండం ముందు దుర్జయుడు మీసం దువ్వుతూ నిలబడి ఉన్నాడు. "నేను నువ్వే. తూములన్నీ ఎత్తాలి." పక్షి గోళ్లతో గొలుసులు లాగుతోంది. తూముల కింద నీళ్లు బుసలు కొడుతూ ఎగదన్నుతున్నాయి. దిగువన పంటకాలువలు అప్పుడే పొంగి, పేటల్లోని జనం పిల్లాజెల్లాతో కట్టమీదికి ఎగబాకుతున్నారు.

"నేను నువ్వే!" సింగన్న మండపంలోకి దూకి అరిచాడు. "తూములు దించాలి!"

పక్షి ఆగింది. "ఎత్తాలని ఉంది" అంది ఎడమ తల. "దించాలని ఉంది" అంది కుడి తల. "ఏమిటో, నాలో నాకే పడటం లేదు."

దుర్జయుడు నవ్వాడు. వెనక్కి తిరిగి సైగ చేయగానే అతని దండు మొత్తం ఒక్క గొంతుతో గర్జించింది. "నేను నువ్వే! ఎత్తాలి!"

"చాలావరకు నాకు ఎత్తాలనే ఉంది" అంది పక్షి. గొలుసులు మళ్లీ కదిలాయి.

"ఒక్క గడియ ఆగితే మంత్రం ఊదేస్తాను. ఇది ఇలా ఊగిపోతుంటే చెవి అందదే!" అన్నాడు తామ్రపాదుడు దాని కాలు పట్టుకుని వేలాడుతూ.

సింగన్న చుట్టూ చూశాడు. కట్టమీద తడిసి ముద్దయిన జనం. చాకిరేవులోంచి లేచి వచ్చిన చాకళ్లు, చంకన బిడ్డలతో తల్లులు, గల్లాపెట్టె నెత్తిన పెట్టుకున్న శెట్టి. తను అగడ్తలో పడ్డప్పుడల్లా పడీపడీ నవ్వినవాళ్లే. ఏం చెయ్యాలో తట్టింది. తట్టగానే భయం వేసింది.

మంత్రశిల్పికి అతని మనసు అర్థమైంది. "వద్దు! ఇంటిగుట్టు లంకకు చేటు! ఇంతమందికి తెలిస్తే రేపు ఐదు రాజ్యాల తలుపులూ బార్లా తెరుచుకుంటాయి!"

"దొంగలకు తెలిసిపోయింది స్వామీ. ఇంకా తెలియంది ఇళ్లవాళ్లకే."

"నా పక్షుల పరువు..."

"మునిగే ఊళ్లో పరువు తేలదు స్వామీ. మీరు చెవి సంగతి చూడండి. అత్తా! మద్దెల!"

కొండమ్మ అప్పటికే మద్దెల మెడకు తగిలించుకుంది. వాచిన కీళ్లు, పగిలిన మడమలు అన్నీ మరిచి కట్టమీద నిలబడి దరువు వేసింది. ఆ దరువుకు జనం తలలు తిప్పారు. సింగన్న మండపం అరుగెక్కి, బతుకులో మొదటిసారి ఏ వేషమూ లేని గొంతుతో అరిచాడు. "అయ్యల్లారా, అమ్మల్లారా! ఈ పక్షికి తనెవరో తెలియదు! 'నేను నువ్వే' అన్నవాడి మాట వింటుంది! వాళ్లు ఎత్తమంటున్నారు. మీరు దించమనండి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా చంటిబిడ్డ తల్లి ఒకతె గొంతెత్తింది. "నేను నువ్వేనే తల్లీ! దించెయ్యవే!" ఆ వెనక చాకళ్లు, శెట్టి, గొల్లలు, గాజులమ్మేవాళ్లు. కొండమ్మ దరువుకు తగ్గట్టు కట్టకట్టంతా ఊగింది. "నేను నువ్వే! దించాలి! నేను నువ్వే! దించాలి!" అందులో ఒక ముసలాయన మాత్రం "నేను నువ్వే! నా గొడుగు ఎక్కడ పడిపోయిందో చూడు!" అని అరిచాడు.

గండభేరుండం రెండు తలలూ తలొక దిక్కూ తిరిగాయి. "అబ్బో, నేను ఇంతమందినా! నాకు దించాలనే ఉంది. గొడుగు కూడా వెతకాలని ఉంది." గొలుసులు గడగడమంటూ వెనక్కి తిరిగాయి. తూములు ధన్‌మని మూసుకున్నాయి. పక్షి స్థిమితపడ్డ ఆ క్షణంలోనే తామ్రపాదుడు దాని మెడకు కరుచుకుని, మొదట ఎడమ చెవిలో, తర్వాత కుడి చెవిలో, కళ్లు మూసుకుని ఊపిరి ఊదాడు.

దుర్జయుడు కత్తి దూసి ముందుకు దూకాడు. "నేను నువ్వే! తూములెత్తు!"

పక్షి కెంపుకళ్లు నిదానంగా అతని మీదికి తిరిగాయి. ఈసారి తలలు ఒకదాన్నొకటి చూసుకోలేదు.

"కాదు" అన్నాయి రెండూ ఒకేసారి. "నేనొక్కదాన్నే."

వేగులపెద్ద సూర్యుడికి అడ్డంగా ఒక చక్కని వంపు గీసి, మణిసాగరం బురదలో మీసాలదాకా దిగబడ్డాడు. అతని దండు గుర్రాలను తిప్పుకునేలోపలే చాకళ్లు బట్టలుతికే కర్రలకు పని చెప్పారు.

జనం ఆనందానికి అంతు లేదు. సింగన్నను భుజాలకెత్తుకున్నారు. కాని అతని చూపు బురదలోంచి లాగి కట్టమీద కూర్చోబెట్టిన దుర్జయుడి మీదే ఉంది. అతను ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ పళ్లు కొరుకుతున్నాడు. "ఒక్కడికే అమ్మానన్నాడు! నాకొక్కడికే అని ప్రమాణం చేశాడు దొంగవెధవ! మరి నా తర్వాత ఉయ్యాల దగ్గరికి పోయినవాళ్లంతా ఊరికే పోయారా?"

సింగన్న, తామ్రపాదుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరెవరు పోయారు?" అన్నాడు సింగన్న.

"నా తర్వాత వెళ్లినవాడు శంఖవరం కోట దారి పట్టడం చూశాను. ఆ వెనకవాళ్లు ఎటు పోయారో నాకేం తెలుసు!"

కొండమ్మ మద్దెల పక్కన పెట్టి, చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. సింగన్న ఆమె పక్కన కూర్చున్నాడు. "చూరు కావాలనుకున్నానురా" అంది ఆమె. "అంతకన్నా నేనేం కోరలేదు."

"తెలుసత్తా. లే. నువ్వు వాయించకపోతే ఈ జనం నా మాట వినేవాళ్లే కాదు."

ముగ్గురూ మళ్లీ తాము ఎగిరి వచ్చిన పక్షినెక్కారు. తామ్రపాదుడు ఎక్కేముందు కట్టమీద జనం వైపు తిరిగి, ఐదు రాజ్యాలకు మొక్కుతున్నట్టు చేతులు జోడించి, "లోపం నాదే" అన్నాడు. ఆ రెండు మాటలూ ఆయన నోట్లోంచి రావడం కొలిమిలోంచి ఇనుము లాగినంత కష్టమైంది. తర్వాత తేలికపడ్డట్టు నిట్టూర్చాడు.

కొండలు వెనకబడ్డాయి. కింద చెరుకుతోటలు, పోకతోటలు, వెండిదారంలా వంకర్లు తిరిగే ఏరు. పొద్దు వాలకముందే శంఖవరం కనిపించింది. పాలరాతి ప్రాకారం, శంఖం ఆకారంలో మెలితిరిగిన బురుజులు, వాటి మీద ఎగిరే నీలిజెండాలు. దూరం నుంచి ఎంతో ప్రశాంతంగా ఉంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ ప్రశాంతత మీద సింగన్నకు అనుమానం కలిగింది. బురుజుల మీద ఒక్క మనిషీ లేడు. అంగళ్లలో చప్పుడు లేదు. కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వాకిట గండభేరుండం మాత్రం తన చోట తాను బుద్ధిగా కూర్చుని ఉంది.

సింగన్న దిగి, తామ్రపాదుణ్ణి వెనక ఉండమని సైగ చేసి, ఒక్కడే నడిచి వెళ్లాడు. పక్షి ప్రశ్న వేస్తుందేమోనని ఎదురుచూశాడు. వెయ్యలేదు. రెండు తలలూ అతనికేసి అలసటగా చూశాయి. కుడి తల పక్కకు ఒరిగి దారి చూపించింది.

"లోపలికి రా" అంది ఎడమ తల. "పొద్దున్నుంచీ వస్తూనే ఉన్నాను. లోపల ఇప్పటికే నేను బోలెడంతమందిని ఉన్నాను."